కాస్ట్ ఐరన్ బుల్లెట్, జె సిరీస్ బుల్లెట్: రెండు కాలాల 350 బండ్లలో ఏది దేనికి?

ఓరుగల్లు వాసి:

సభ్యులందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి 1984 నాటి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ స్టాండర్డ్ 350, పోత ఇనుము (కాస్ట్ ఐరన్) సిలిండర్ ఉన్న పాతరకం బండి, ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇంజిన్ తిరుగుతోంది గానీ బండి కొన్నేళ్లుగా రోడ్డెక్కలేదు. దీన్ని పూర్తిగా విప్పించి బాగు చేయించుకోవాలా, లేక ఆ డబ్బుకు మరికొంత కలిపి 2023లో వచ్చిన జె సిరీస్ (రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి కొత్త తరం ఇంజిన్) బుల్లెట్ 350 కొనుక్కోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. హనుమకొండ నుంచి హైదరాబాదుకు నెలకు రెండు మూడుసార్లు వెళ్లి రావలసిన పని ఉంటుంది, మిగతా రోజుల్లో ఊళ్లో తిరుగుడే. "బుల్లెట్ అంటే పాతదే" అని కొందరు, "పాతది షెడ్డులో పెట్టుకుని చూసుకోవడానికే" అని కొందరు చెబుతున్నారు. రెండింటినీ నడిపినవారు అభిమానాన్ని కాస్త పక్కన పెట్టి యంత్రం సంగతి చెప్పగలిగితే నాకు మేలు చేసినవారవుతారు.

నాలుగో గేరు:

అభిమానం పక్కన పెట్టమన్నారు కాబట్టి ప్రయత్నిస్తాను, పూర్తిగా సాధ్యమవుతుందని మాత్రం హామీ ఇవ్వలేను. మీ చేతిలో ఉన్నది ఇంగ్లండులోని రెడిచ్‌లో 1949లో ఉత్పత్తి మొదలైన నమూనాకు దాదాపు నేరుగా వారసురాలు. మన సైన్యానికి సరిహద్దు గస్తీ కోసం ఈ బండ్లు కావలసి రావడంతో 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరులో మొదట విడిభాగాలు తెచ్చి బిగించారు, తరువాత అచ్చులూ పనిముట్లూ కూడా తెచ్చుకుని పూర్తిగా ఇక్కడే తయారు చేశారు. ఇంగ్లండు కంపెనీ 1970 నాటికి మూతపడినా మనవాళ్లు ఆ ఇంజిన్‌ను మౌలికంగా మార్చకుండా దశాబ్దాల పాటు పోత పోస్తూనే ఉన్నారు. కాబట్టి మీది 1984 బండి అయినా, అందులో ఉన్నది యుద్ధానంతర కాలపు ఇంజనీరింగు అని ముందుగా మనసులో పెట్టుకోండి.

ఇక నడకలోకి వస్తే, పాత బండితో పరిచయం కిక్కు దగ్గరే మొదలవుతుంది. బలం ఉంటే చాలుననుకుని ఎగిరి తొక్కేవారికి అది ఎదురు తన్ని మడమ వాచేలా చేస్తుంది. పద్ధతి వేరే ఉంది. తాళం తిప్పి, కిక్కును నెమ్మదిగా నొక్కుతూ హెడ్‌లైట్ పైనున్న అమ్మీటరు ముల్లును చూడాలి. పాయింట్లు, అంటే తెరుచుకుని మూసుకుంటూ స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చు, మూసుకుని ఉన్నంతసేపూ ముల్లు ఎడమకు, అంటే డిశ్చార్జి వైపుకు వాలి ఉంటుంది. పాయింట్లు తెరుచుకోగానే మధ్యకు వచ్చేస్తుంది, అంటే పిస్టన్ కంప్రెషన్ అంచుకు చేరిందన్నమాట. అక్కడ ఎడమ చేతి దగ్గరున్న చిన్న డీకంప్రెషర్ లీవరు పట్టుకుంటే ఎగ్జాస్టు వాల్వు కొద్దిగా తెరుచుకుని గాలి బయటికి పోతుంది, కిక్కు ఇంకాస్త కిందికి దిగుతుంది. లీవరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, ఒక్కసారి నిండుగా తొక్కితే, పాయింట్లు శుభ్రంగా ఉన్న బండి మొదటి కిక్కుకే అందుకుంటుంది. అందుకోకపోతే తప్పు కాలిది కాదు, పాయింట్ల గ్యాపుదో, టైమింగుదో, కార్బురేటరుదో అయి ఉంటుంది.

టార్క్ రెంచి:

నాలుగో గేరు గారు చెప్పిన పద్ధతి అక్షరాలా నిజం. నేను జె సిరీస్ యజమానిని, వృత్తిరీత్యా యంత్రాలతో పనిచేసేవాణ్ని, కాబట్టి అంకెల వైపు నుంచి వస్తాను.

పాతది 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ. కొత్తది 72 మిల్లీమీటర్ల బోరు, 85.8 మిల్లీమీటర్ల స్ట్రోకు, 349 సీసీ. రెండూ పొడవు స్ట్రోకు సింగిల్ సిలిండర్లే, రెండింటికీ రెండేసి వాల్వులే. పాతదానికి కామ్‌లు కిందనుండి పుష్‌రాడ్ల ద్వారా వాల్వులను తెరుస్తాయి, కొత్తదానికి కామ్ హెడ్‌లోనే ఉంటుంది. పాతది 5,625 ఆర్‌పీఎం దగ్గర 18 హార్స్‌పవర్, కొత్తది 6,100 దగ్గర 20.2. ఈ అంకెల నుంచి ఆ వేగం దగ్గరి టార్క్‌ను, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, లెక్కకడితే పాతదానికి 23 న్యూటన్ మీటర్లకు కాస్త తక్కువ, కొత్తదానికి 23కు కాస్త ఎక్కువ వస్తుంది. తూకం చూస్తే కొత్తది పెట్రోలు, నూనెతో కలిపి 195 కిలోలు, పాతది దానికంటే పాతిక ముప్పై కిలోలు తేలిక. అంటే కిలోకు ఇన్ని హార్స్‌పవర్లు అన్న లెక్కలో పాత బండి కాగితం మీద ఏమాత్రం వెనుకబడి లేదు, పైగా ఒక అడుగు ముందే ఉంది. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను రెండోసారి సరిచూసుకున్నాను.

మరి రోడ్డు మీద కొత్తది ఎందుకు అంత ముందుంటుంది? బలం ఎంత అన్నదానికంటే ఆ బలాన్ని ఎంతసేపు అడగవచ్చు అన్నదే ఇక్కడ ప్రశ్న. మీ హనుమకొండ నుంచి హైదరాబాదు సుమారు నూట నలభై, నూట యాభై కిలోమీటర్లు, ఇప్పుడు దారంతా వెడల్పాటి రోడ్డు. కొత్త బండిని గంటకు తొంభై దగ్గర పెట్టి ఘట్‌కేసర్ దాకా వదలవచ్చు. పిస్టన్ తిప్పే ఇరుసైన క్రాంకుకు ఎదురు దిశలో తిరిగే బ్యాలెన్సర్ షాఫ్టు అదురును చాలావరకు మింగేస్తుంది, అల్యూమినియం సిలిండర్ వేడిని త్వరగా వదిలేస్తుంది, నూనె పంపు కావలసినంత అందిస్తుంది. పాతదాన్ని అదే వేగంతో అరగంట ఆపకుండా తోలితే పోత ఇనుము సిలిండర్ వేడిని పట్టుకుని కూర్చుంటుంది, ఫుట్‌రెస్టులలో కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నట్లు వదులవుతాయి. ఇంకాస్త మొండికేస్తే పిస్టన్ పట్టేస్తుంది. దానికి అరవై ఐదు, డెబ్బై మధ్య నడక హాయి.

నాలుగో గేరు:

రెంచి గారి లెక్కతో నాకు పేచీ లేదు, కానీ ఆయన లెక్క వేసింది ఇంజిన్ గట్టిగా తిరుగుతున్నప్పటి మాట. పాత బుల్లెట్‌ను ఎవరూ 5,625 దగ్గర నడపరు. దాని గొప్పతనమంతా తక్కువ ఆర్‌పీఎంలో ఉంది. చాలాచోట్ల పాత 350కి 3,000 ఆర్‌పీఎం దగ్గరే 32 న్యూటన్ మీటర్ల టార్క్ అని రాసి ఉంటుంది, కొత్తదానికి 4,000 దగ్గర 27 మాత్రమే. నాలుగో గేరులో ముప్పై ఐదు దగ్గర ఎక్సలరేటరు తిప్పితే ఎలా లాగుతుందో నడిపినవారికి తెలుసు.

టార్క్ రెంచి:

ఆ 32 అంకె నేనూ చూశాను, నాకు నమ్మశక్యంగా లేదు. కొత్త ఇంజిన్ 9.5:1 కంప్రెషన్‌తో, ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తో లీటరుకు 77 న్యూటన్ మీటర్లు ఇస్తోంది. పాతది 7:1 చుట్టుపక్కల కంప్రెషన్‌తో, చిన్న కార్బురేటరుతో లీటరుకు 92 ఇస్తుందంటే, గాలిని సిలిండర్లోకి నింపడంలో కొత్తదాన్ని ఎంతో మించి ఉండాలి. ఆ వాల్వులూ ఆ ఇన్‌లెట్ దారీ చూసినవారెవరూ దాన్ని ఒప్పుకోరు.

మీకు కలిగే అనుభూతి మాత్రం నిజమైనదే. దానికి కారణం ఫ్లైవీళ్లు. పాత క్రాంకులోని ఆ బరువైన ఉక్కు చక్రాలు ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య వేగాన్ని పడిపోనివ్వవు. అందుకే ఐడ్లింగులో ఒక్కొక్క దెబ్బా విడివిడిగా లెక్కపెట్టేటంత నెమ్మదిగా తిరిగినా ఆగిపోదు, పెద్ద గేరులో గుంటల రోడ్డు మీద క్లచ్ ముట్టుకోకుండా సాగిపోతుంది. అది నిల్వ ఉన్న శక్తి, కొత్తగా పుట్టే శక్తి కాదు. అందుకే అదే బండి ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఇద్దరు కూర్చుంటే మూడో గేరు అడుగుతుంది.

నాలుగో గేరు:

ఫ్లైవీళ్ల మాట ఒప్పుకుంటున్నాను. 32 అంకెను నేను ఇకమీదట ఎవరికీ అప్పజెప్పను. అయితే ఊళ్లో, సందుల్లో, పొలం గట్ల పక్కన మట్టి బాటల్లో నడిపేవాడికి ఆ నిల్వ శక్తే కావలసింది.

ఘాట్ రోడ్డు:

అన్నయ్యలిద్దరూ ఇంజిన్ దగ్గరే ఆగిపోయారు, బండిని ఆపడం గురించి ఎవరూ మాట్లాడలేదు. నాది విశాఖ. మా ఇంట్లో రెండు బండ్లూ ఉన్నాయి, రెండింటినీ నేను నడుపుతాను, అరకు ఘాట్ రోడ్డులో రెండింటినీ దించాను. పాతదానికి ముందూ వెనుకా డ్రమ్ బ్రేకులే. అనంతగిరి నుంచి కిందికి దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ బ్రేకింగుతో దిగడం తప్ప గత్యంతరం లేదు, బ్రేకు మీదే ఆధారపడితే నాలుగు మలుపులకే షూలు వేడెక్కి పట్టు సడలుతుంది. కొత్తదానికి ముందు 300 మిల్లీమీటర్ల డిస్కు, దానికి ఏబీఎస్. వానలో, రాలిన ఆకుల మీద ఆ తేడా ప్రాణానికి సంబంధించినది. కొత్తదాని ఫ్రేముకు ఇంజిన్ కింద నుంచి రెండు గొట్టాలు వెళతాయి. పాతదానికి ముందువైపు ఒక్క గొట్టం దిగి ఇంజిన్ దగ్గర ఆగిపోతుంది, ఇంజిన్‌నే ఫ్రేములో భాగంగా వాడుకుంటారు. వేగంగా వంపు తిరిగేటప్పుడు పాతది కాస్త కులుకుతుంది, కొత్తది గీత గీసినట్టు వెళుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, రెండు బండ్లూ ఉంచుకోవాలనుకునేవారు వినవలసినది పాదాల సంగతి. పాతదానికి గేరు కుడి కాలి దగ్గర, బ్రేకు ఎడమ కాలి దగ్గర. గేర్లు కూడా తలకిందులు: మొదటిది పైకి, మిగతా మూడూ కిందికి. కొత్తదానికి గేరు ఎడమ పక్కన, మొదటిది కిందికి, మిగతా నాలుగూ పైకి. వారమంతా కొత్తది నడిపి ఆదివారం పాతది తీస్తే, ఎదురుగా ఆవు వచ్చినప్పుడు కుడి కాలు బ్రేకనుకుని గేరును నొక్కుతుంది, బండి ఆగడానికి బదులు పై గేరులో పడుతుంది. నేను పాతది తీసిన ప్రతిసారీ మొదటి కిలోమీటరు ఖాళీ రోడ్డు మీద నడిపి పాదాలకు గుర్తు చేసుకుంటాను.

పాతదానిలో నాకు నచ్చిన ఒక ఏర్పాటు మాత్రం కొత్తదానిలో లేదు. గేరు లీవరు పైన ఉండే న్యూట్రల్ ఫైండర్. సిగ్నల్ దగ్గర నాలుగో గేరులో ఉన్నా, మూడులో ఉన్నా, క్లచ్ పట్టి మడమతో ఒక్క నొక్కు నొక్కితే నేరుగా న్యూట్రల్‌కు వస్తుంది. మొదటి గేరులో నుంచి తప్ప ఎక్కడినుంచైనా పనిచేస్తుంది.

బెజవాడ బాబాయి:

అమ్మాయి చెప్పిన పాదాల మాట బంగారం. నేను కుడి గేరు మీద పెరిగినవాణ్ని, ఇప్పటికీ మా అబ్బాయి బండి ఎక్కితే ఎడమ కాలు బ్రేకు వెతుక్కుంటుంది.

ఓరుగల్లు అబ్బాయికి నేను చెప్పేది నూనె గురించి. పాత బుల్లెట్ పాడయ్యేది వయసు వల్ల తక్కువ, నూనె వల్ల ఎక్కువ. దానిలో నూనె తొట్టి క్రాంక్‌కేసులోనే వెనుక భాగంలో ఉంటుంది. ఒక చిన్న పంపు అక్కడినుంచి బిగ్ ఎండ్‌కు, అంటే కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే బేరింగుకు, తోస్తుంది, మరొకటి కింద చేరినదాన్ని తిరిగి లాగుతుంది. ఈ పంపులు ఇచ్చేదే తక్కువ, అందులో ఫెల్ట్ ఫిల్టరు మడ్డితో బిగుసుకుపోతే బిగ్ ఎండ్ ఎండిపోతుంది. ఆ ఫిల్టరు చవక సరుకు, నూనె మార్చిన ప్రతిసారీ మార్చాలి, కడిగి మళ్లీ పెట్టే మెకానిక్కును దూరం పెట్టండి. ఏళ్ల తరబడి నిలబెట్టిన బండిలో నూనె మెల్లగా జారి క్రాంకు గదిలోకి చేరుతుంది, స్టార్టు చేయగానే తెల్లటి పొగ చిమ్ముతుంది. చాలామంది దాన్ని చూసి పిస్టన్ రింగులు పోయాయని రీబోరుకు (సిలిండర్‌ను మళ్లీ తొలిపించడానికి) పరుగెత్తుతారు. రెండు నిమిషాలు ఆగితే పొగ తగ్గిపోతుందేమో ముందు చూడండి.

రెండోది టాపెట్లు, అంటే వాల్వులను తెరిచే పుష్‌రాడ్ల బిగింపు. కుడి పక్కన చిన్న మూత విప్పితే రెండు పుష్‌రాడ్ల అడుగులు కనబడతాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వాటిని వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అంతే కొలత, గేజి అక్కర్లేదు. ఒకచోట మా బండికి వేడి ఇంజిన్ మీదే టాపెట్లు బిగించి ఇచ్చారు. చల్లారాక ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూసుకోక, వారం తిరగకుండా సీటు కాలిపోయింది. హెడ్ దించవలసి వచ్చింది, ఆ ఖర్చు మాదే. అందుచేత పాత బండి ఉంచుకోదలిస్తే ఈ ఒక్క పని మీ చేత్తో మీరే నేర్చుకోండి, ఒక సాయంత్రం పని.

లెస్టర్ తెలుగువాడు:

నేను ఉండేది ఇంగ్లండులోని లెస్టర్‌లో. మీరు మాట్లాడుకుంటున్న కొత్త జె సిరీస్ ఇంజిన్ మీద చెన్నైతో పాటు పనిచేసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సాంకేతిక కేంద్రం మాకు దగ్గరలోని బ్రంటింగ్‌థార్ప్‌లోనే ఉంది. రెడిచ్ కూడా ఇక్కడికి మరీ దూరం కాదు. ఇంగ్లండులో పుట్టి, మద్రాసులో బతికి, మళ్లీ ఇంగ్లండు ఇంజనీర్ల చేతిలో సాన పట్టుకుని చెన్నైలో తయారవుతున్న బండి అది. 1977 నుంచే మన బుల్లెట్లు ఇక్కడికి ఎగుమతి అయ్యాయి. తమ దేశంలో ఆగిపోయిన పాతకాలపు బండి భారతదేశంలో ఇంకా కొత్తగా దొరుకుతోందని ఇక్కడివాళ్లు మురిసిపోయి కొనుక్కున్నారు.

ఇక్కడ వాటికి ఉన్న సౌకర్యం ఒకటి చెప్పాలి. నలభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండికి రోడ్డు పన్ను లేదు, ఏటేటా చేయించవలసిన తనిఖీ కూడా తప్పనిసరి కాదు. దానితో జనం వాటిని ఆదివారం బండిగా ఉంచుకుంటారు, చిన్న పల్లె రోడ్ల మీద తిప్పుతారు. మోటారు మార్గాల మీదికి తీసుకెళ్లేవాడు అరుదు. నా సొంత అభిప్రాయం అడిగితే, పాత బుల్లెట్‌కు న్యాయం చేసే వాడకం అదే. వరంగల్ హైవే మీద లారీల మధ్య దాన్ని తొంభైతో పరుగెత్తించడం దానికీ మంచిది కాదు, మీకూ కాదు.

ఓరుగల్లు వాసి:

అందరికీ ధన్యవాదాలు. కాగితాల సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? బండి రిజిస్ట్రేషన్ గడువు దాటి ఉంది. యాభై ఏళ్ల వింటేజ్ నమోదు ఏదో ఉందని విన్నాను, అది నాకు వర్తిస్తుందా?

బెజవాడ బాబాయి:

వర్తించదు. 2021లో కేంద్రం తెచ్చిన ఆ నిబంధన యాభై ఏళ్లు దాటిన బండ్లకే. దానికి 20,000 రూపాయల రుసుము, "వీఏ" అక్షరాలతో వేరే నంబరు. పైగా అలా నమోదైన బండిని రోజువారీ పనులకు నడపకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. మీది మామూలు దారిలోనే వెళ్లాలి: పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్టీఓ దగ్గర తనిఖీ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అంతకంటే ముందు బండి మీ పేరు మీదికి మారాలి. ఇంజిన్ నంబరూ ఛాసిస్ నంబరూ ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. పాత బుల్లెట్లకు ఇంజిన్ కేసు మార్చిన సందర్భాలు ఎక్కువ కాబట్టి, పైసా ఖర్చు పెట్టకముందే ఇది చూసుకోండి.

టార్క్ రెంచి:

దీనికి రెండు మాటలు కలుపుతాను. ఒకటి, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కొత్త బండి దానికి తగ్గట్టే తయారైంది. పాతదానిలో రబ్బరు గొట్టాలు, కార్బురేటరు వాషర్లు మెత్తబడి పగుళ్లిస్తాయి, నెలల తరబడి నిలిపితే తేమ పట్టి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చించండి, నిలిపేముందు కార్బురేటరు గిన్నె ఖాళీ చేయండి. రెండోది, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొత్తది 349 సీసీ కావడం మీకు కలిసివస్తుంది.

నా సలహా సూటిగా చెబుతాను. హైదరాబాదు ప్రయాణాలు నిజంగా బండి మీదే చేయదలిస్తే కొత్తది కొనండి. పాతదాన్ని అమ్మవద్దు, తొందరపడి పూర్తిగా విప్పించనూ వద్దు. ఊళ్లో తిరుగుడుకు అది చాలు.

ఘాట్ రోడ్డు:

కొత్తది చూడటానికి వెళ్లినప్పుడు షోరూమువారు అంటగట్టే వేరే సైలెన్సర్ల జోలికి పోకండి. అలాంటివాటిని మన నగరాల్లో పోలీసులు కుప్పపోసి రోడ్డు రోలరుతో తొక్కిస్తున్నారు. కంపెనీ సైలెన్సరు శబ్దమే చక్కగా ఉంటుంది, పాతదానంత బరువుగా ఉండదంతే. ఇంకో మాట, కొత్తదానికి కిక్కు లేదు. బ్యాటరీ దిగిపోతే 195 కిలోలు తోసుకోవలసిందే.

నాలుగో గేరు:

రెంచి గారు "విప్పించవద్దు" అన్నారు, నేనూ అదే అంటాను. బాగున్న ఇంజిన్‌ను విప్పించి పాడు చేసుకున్నవారిని చూశాను. మీ ఇంజిన్ తిరుగుతోంది కాబట్టి ముందు దాన్ని పరీక్షించండి. పాత నూనె దించి, ఫెల్ట్ ఫిల్టరు మార్చి, కొత్త 20డబ్ల్యూ50 నూనె పోయండి. దించిన నూనెను తెల్లటి పళ్లెంలో వంచి ఎండలో చూడండి: మెరిసే రజను కొద్దిగా కనిపిస్తే ఫరవాలేదు, పొరలు పొరలుగా లోహపు తునకలు ఉంటే బిగ్ ఎండ్ పోయినట్టే. తరువాత స్టార్టు చేసి, సిలిండర్ హెడ్ మీదికి నూనె తీసుకెళ్లే సన్నటి గొట్టపు బోల్టును అర చుట్టు వదులు చేయండి. నూనె చెమర్చాలి. ఒక నిమిషం దాటినా పొడిగా ఉంటే వెంటనే ఆపేయండి, పంపు లాగడం లేదని అర్థం. చెమరిస్తే బోల్టు బిగించి, ఊళ్లో నెల రోజులు అరవై దాటకుండా తిప్పి, మళ్లీ నూనె దించి చూడండి. ఆ రెండో నూనె ఎలా ఉందో ఇక్కడ రాస్తే, హెడ్ దాకా వెళ్లాలో వద్దో అప్పుడు చెప్పవచ్చు.